తాళంచెవికి కాపలా

అక్టోబరు 4, 2007, గురువారం. తెనాలి

పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే బాపట్లలో మా రక్తపరీక్షల సెంటరు నుంచి పౌలు ఫోను. మళ్ళీ ఒక్క రిపోర్టూ ప్రింటు కాలేదట. "జనం కౌంటరు మీద పడిపోతున్నారండి ఫణి గారూ, ఇవాళ నన్ను కొట్టేట్టున్నారండి" అన్నాడు. పేస్టు నోట్లో ఉండగానే సరే సరే అన్నాను. ఏం సరే? నాకే తెలియదు.

ల్యాబుకి వెళ్ళేసరికి డాక్టరు నాగమల్లేశ్వరరావు గారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. యజమాని మన కుర్చీలో కూర్చున్నాడంటే ఆ రోజు కలిసిరాదు.

"ఏంటయ్యా ఇది? మళ్ళీ మొదటి నుంచి చెప్పు" అన్నారు.

చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో దేవుడికే తెలియాలి. "రిపోర్టులన్నిటికీ తాళం వేసి ఉంచుతున్నాం సార్. తాళంచెవి ఏజెంటు దగ్గరుంటుంది. ఏజెంటంటే మనిషి కాదు, ప్రోగ్రాము. ప్రింటు చేసే ప్రోగ్రాము వచ్చి అడిగితేనే తలుపు తీస్తుంది. ఇంకెవరడిగినా తీయకూడదు. తీయకుండా దాని చుట్టూ గీసిన గీతే నా పాలసీ."

"మరి ప్రింటు ప్రోగ్రాముకే తీయడం లేదు గదయ్యా?"

"గీత కాస్త దగ్గరగా గీశాను సార్."

"ఈ మిషనుకి నువ్వు యజమానివి గదా. రూటో ఏదో అంటావు. నువ్వు తీయలేవా?"

"రూటుకి కూడా కుదరదు సార్. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. ఇక్కడ పూజారి పాలసీ."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సాయంత్రం దాకా కూర్చుని గీత ఒకచోట వెనక్కి జరిపాను. బాపట్లలో ప్రింటయింది. రేపల్లెలో ఆగిపోయింది.

అక్టోబరు 6

డినైడ్. డినైడ్. డినైడ్. తలుపు తీయనని మిషను చెప్పే ఈ మాట కలలోకి కూడా వస్తోంది.

అక్టోబరు 9, మంగళవారం

రేపల్లె సెంటరులో సారా మంచి పిల్లే గాని ప్రశ్నలు అడుగుతుంది. "సార్, ఇదంతా తీసేస్తే పోయేదేంటి సార్? అందరూ మనవాళ్ళే గదా" అంది ఫోనులో.

మనవాళ్ళే. నిరుడు కూడా మనవాళ్ళే. చీరాల నుంచి వచ్చిన ఆ నేత కుర్రాడి రిపోర్టు కౌంటరు దగ్గర ఎవరో మనవాడు చదివాడు. మర్నాటికి అతని వీధంతా తెలిసింది. రెండోసారి పరీక్ష చేస్తే రోగం లేదని తేలింది. ఆ మాట చెబుదామంటే అతను ఊళ్ళో లేడు. మగ్గం అమ్ముకుని ఎటో వెళ్ళిపోయాడట. డాక్టరు గారు రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "మన ల్యాబులో ఎవడి రిపోర్టు ఎవడూ చూడటానికి వీల్లేకుండా చెయ్యి, నేనైనా సరే, నువ్వైనా సరే" అన్నది అప్పుడే. ఇప్పుడు ఆయనే కుర్చీలో కూర్చుని ఏంటయ్యా ఇది అంటారు.

తాళంచెవి పాస్‌వర్డు ఆయనకొక్కరికే తెలుసు. ఆయన కొడుతుంటే నేను గోడ వైపు తిరిగి నిలబడతాను. ఇంతకన్నా ఏం చేయాలి మనిషి?

ఇవాళ రేపల్లె కూడా ప్రింటయింది. తాత్కాలికంగా ఒక సర్దుబాటు చేశాను. తీరిగ్గా పక్కాది రాయాలి.

అక్టోబరు 14, ఆదివారం

బాపట్ల వెళ్ళాం, నేనూ అమ్మా. పెళ్ళిచూపులు. అక్కడే ఉండే నాగభూషణరావు బాబాయి స్టేషనుకొచ్చి తీసుకెళ్ళాడు.

అమ్మాయి పేరు లలిత. రేపల్లెలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. వారమంతా అక్కడ పిన్ని గారింట్లో ఉంటుంది, సెలవు రోజుల్లో బాపట్ల. తండ్రి ఉమామహేశ్వరరావు మాస్టారు సంస్కృత పండితులు. మనిషి బాగా సన్నం, పాదాలు మాత్రం వాచి ఉన్నాయి. షుగరట. మంచినీళ్ళు గుక్కెడు తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. జాతకాలు బ్రహ్మాండంగా కుదిరాయని సిద్ధాంతి గారు మొన్ననే చెప్పారు కాబట్టి అందరూ ధీమాగానే ఉన్నారు. జంతికలు బాగున్నాయి.

ఇద్దర్నీ మాట్లాడుకోమని వరండాలోకి పంపారు. ఏం మాట్లాడాలో తెలియక నేను వంటింటి కిటికీ చూస్తూ నిలబడ్డాను. ఆమే అడిగింది.

"ల్యాబులో మీరు చేసేది ఏంటండి?"

ఇంక ఆగుతానా. ఏజెంటు, గీత, పూజారి, మొత్తం చెప్పాను. ఎవరైనా మధ్యలో ఆవులిస్తారు. ఆమె ఆవులించలేదు.

"అంటే సెంటరులో ఉండే పౌలు గారు కూడా చూడలేరా అండి?"

"ఆయనకి సీలు చేసిన కవరే వస్తుందండి. ప్రింటరే మడతపెట్టి అంటించేస్తుంది."

"మీరైనా చూడలేరా?"

"నేనైనా చూడలేనండి."

నవ్వింది. "అయితే చాలా మంచి పని చేస్తున్నారండి" అంది. ఇన్నాళ్ళకి ఒక్కరు అన్నారు ఆ మాట! తిరుగు రైల్లో అమ్మ అడక్కముందే నాకిష్టమే అని చెప్పేశాను. అమ్మ తెల్లబోయింది.

అక్టోబరు 16, మంగళవారం

బాబాయి పనిగట్టుకుని బాపట్ల నుంచి వచ్చాడు. వస్తూనే తలుపు దగ్గరగా వేశాడు.

"ఒరేయ్, ఆ పిల్ల పోయిన వారం మీ సెంటరులో రక్తమిచ్చిందిరా. నేను కళ్ళారా చూశాను. అదీ ఒక చిన్న సీసా కాదు. ఐసు పెట్టెలో పెట్టి హైదరాబాదు పంపారు. పెళ్ళి కావాల్సిన పిల్ల, ఊరికే ఎందుకిస్తుందిరా రక్తం?"

"పౌలు చెప్పాడా?"

"వాడు నోరు విప్పితేగా! బెంచీ మీద కూర్చుని నేనే చూశానంటుంటే."

అమ్మ మొహం చిన్నబోయింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. నీ చేతిలో పనేగా, ఒక్కసారి చూడు అని.

"చూడకూడదు బాబాయ్."

"చూడకూడదా, చూడలేవా?"

"చూడలేను."

"నువ్వు చేసింది నువ్వు చూడలేకపోవడమేంటిరా?" అంది అమ్మ. "ఆవకాయ పెట్టినదాన్ని, జాడీ మూత తీయడం నాకు రాదంటే ఎవరైనా నమ్ముతారా?"

బాబాయి అన్నదేమీ తప్పు కాదని కూడా అమ్మే అంది. సంబంధమంటే నలుగుర్నీ అడగాలి, ఆరా తీయాలి, వాళ్ళూ మన గురించి తీస్తారు, లోకమంతా చేసే పనే. నిజమే. అక్క పెళ్ళికి బాబాయే వెళ్ళి పెళ్ళికొడుకు తాగుతాడేమోనని రెండు రోజులు జంపనిలో వాళ్ళ వీధి చివర టీ కొట్టులో కూర్చున్నాడు. మేమంతా మెచ్చుకున్నాం కూడా.

చూడను. చూడలేను కూడా. రెండూ నిజమే కాబట్టి గొడవే లేదు.

అక్టోబరు 17

పాలసీ రాసినవాడు అప్పుడప్పుడు తనే దొంగలా వెళ్ళి తట్టి చూడాలి. ఇవాళ తట్టాను. ఏదో ఒక రిపోర్టు మీద చేయాలి కాబట్టి బాపట్ల జాబితాలోంచి ఒక నెంబరు తీసుకున్నాను. నా పేరుతో అడిగాను. డినైడ్. మంచిదే.

ఆ నెంబరు లలితది. అయితే ఏంటి? పరీక్షకి ఏ నెంబరైనా ఒకటే.

అక్టోబరు 18

రూటుగా కూడా పరీక్షించాను. డినైడ్. ఏ వెధవ రాశాడో గాని గట్టిగా రాశాడు.

అక్టోబరు 19, శుక్రవారం

ప్రింటు ప్రోగ్రాము వేషం వేసి అడిగాను. కనిపెట్టేసింది. ఇక పరీక్షలు చాలు, నాకు వేరే పనుంది. ఆ తాత్కాలిక సర్దుబాటు పక్కాగా రాయాలి, వారం నుంచి వాయిదా వేస్తున్నాను. రేపు మహర్నవమి, ఎల్లుండి దసరా. ఇంక సోమవారం చూడొచ్చు.

అక్టోబరు 20, శనివారం

ల్యాబులో ఆయుధ పూజ. డాక్టరు గారి భార్య పద్మజ గారు పూలూ పసుపూ నిమ్మకాయలతో దిగారు. మైక్రోస్కోపులకి బొట్లు, రక్తం తిప్పే మిషనుకి దండ. తర్వాత నా గదిలోకి వచ్చారు.

"ఫణీ, దీన్ని ఆపేయవయ్యా. పూజ చేసి రేపు సాయంత్రం దాకా ముట్టుకోకూడదు."

"ఇది ఆపకూడదండి. ఇది ఆగితే..."

"ఏడాది పొడుగునా పనిచేస్తుంది, ఒక్క రోజు విశ్రాంతి ఉండొద్దా దానికి? దానిదీ ప్రాణమే అనుకో."

ప్రాణం లేదండి, పాలసీ ఉంది అనాల్సింది. అనలేదు. ఎదురుగా పళ్ళెంలో హారతి వెలుగుతోంది, వెనకాల డాక్టరు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆపేశాను. ఆవిడ సర్వరు నుదుట బొట్టు పెట్టారు, అంటే ఫ్యాను ఉండేచోట. పసుపునీళ్ళు చల్లబోతే మాత్రం అడ్డం పడ్డాను. పులిహోర తిని ఇంటికొచ్చాను.

అక్టోబరు 22, సోమవారం

అనుకున్నంతా అయింది.

మిషను లేచింది. ఏజెంటు నిద్ర లేచి నాకేమీ గుర్తులేదంది. పాస్‌వర్డు కొట్టాలి. నేను గోడ వైపు తిరిగాను, డాక్టరు గారు కొట్టారు. తప్పంది. మళ్ళీ కొట్టారు. తప్పంది. ఆయన చెమటలు తుడుచుకుంటూ నా వీపుతో పోట్లాడుతున్నారు. పెద్దక్షరాల మీట నొక్కుకుపోయిందని కనిపెట్టేసరికి టిఫిన్ల వేళ దాటిపోయింది.

సరే, తాళంచెవి వచ్చింది. ప్రింటు రాలేదు. తాత్కాలిక సర్దుబాటు కదా, ఆపగానే ఎగిరిపోయింది. పక్కాగా రాయనిది నేను, ఆపించింది ఆవిడ, తిట్లు తింటున్నది పౌలూ సారా. మూడు రోజుల రిపోర్టులు పేరుకుపోయాయి. బాపట్ల ఫోను పెట్టేస్తే రేపల్లె ఫోను మోగుతోంది.

"ఆ పాలసీ తీసి అవతల పారెయ్!" అన్నారు డాక్టరు గారు. అంత గట్టిగా ఆయన అరవడం ఎప్పుడూ వినలేదు. "ముందు రిపోర్టులు వెళ్ళనీ. సాయంత్రం మళ్ళీ పెట్టుకో."

పూర్తిగా తీయలేదు. పర్మిసివ్‌లో పెట్టాను. అంటే కాపలావాడు గేటు దగ్గరే ఉంటాడు, వచ్చేపోయే వాళ్ళ పేర్లు రాసుకుంటాడు, ఎవరినీ ఆపడు. రెండు ఊళ్ళలోనూ ప్రింటర్లు కదిలాయి. డాక్టరు గారు భోజనానికి వెళ్ళారు. నేను కూర్చుని సర్దుబాటు పక్కాగా రాశాను. ఈసారి నిజంగానే రాశాను.

గేటు నిజంగా తెరిచి ఉందో లేదో చూసుకోవాలి కదా. చూశాను.

తెరుచుకుంది.

దాత లలిత. తీసుకునేది తండ్రి ఉమామహేశ్వరరావు. కిడ్నీ. ఇద్దరి కణజాలం గుర్తులూ ఆరింటికి నాలుగు కలిశాయి. ఆమె రక్తానికీ ఆయన రక్తానికీ పేచీ లేదు. మిగతా పరీక్షలన్నీ శుభ్రం.

హమ్మయ్య, రోగం లేదు అనుకున్నాను. మొట్టమొదట అనుకున్నది అదే. ఆ హమ్మయ్య అన్నవాడిని పట్టుకుని చెంప పగలగొట్టాలనిపించింది. మాస్టారు గ్లాసు పక్కన పెట్టేయడం, వాచిన పాదాలు. షుగరు అన్నారు, పాపం. ఇంకేమని చెప్పుకుంటారు?

డాక్టరు గారు వచ్చేలోపు పాలసీ మళ్ళీ బిగించాను. అన్నీ ప్రింటయ్యాయి. శభాష్ అన్నారు ఆయన.

అక్టోబరు 23

రాత్రంతా ఆలోచించాను. చూడటమే మంచిదయింది. చూడకపోతే ఆమె ఎప్పుడో చెప్పినప్పుడు ఉలిక్కిపడేవాడిని, మొహంలో తెలిసిపోయేది, ఆమె బాధపడేది. ఇప్పుడు ఆ బాధ లేదు. ఇస్తే ఇవ్వనీ కిడ్నీ. నేను అడ్డం చెప్పను. తండ్రి కోసం అంత పని చేసే పిల్ల ఎవరికి దొరుకుతుంది?

అమ్మతో ఈ సంబంధమే చేసుకుంటానని చెప్పాను. బాబాయి ఫోను చేసి "చూశావా?" అన్నాడు. "చూడలేదు" అన్నాను. "మరి ఏం చూసుకుని చేసుకుంటావురా?" అన్నాడు.

అక్టోబరు 25

లలిత ఫోను! ఒకసారి మాట్లాడాలి, పెద్దవాళ్ళు లేకుండా అంది. శనివారం రేపల్లె సెంటరులో ప్రింటరు చూడాల్సిన పని ఉందని చెప్పాను. ప్రింటరు బాగానే ఉంది.

అక్టోబరు 27, శనివారం

రేపల్లె స్టేషను. తెనాలి బండి పెట్టి ఉంది, ఇంకా కదలలేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఆ చివర ఆమె, ఈ చివర నేను. మధ్యలో ఆమె సంచి.

చాలాసేపు కాలేజీ పిల్లల గురించి చెప్పింది. తర్వాత చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "మీకొకటి చెప్పాలండి. మా ఇంట్లో చెప్పొద్దన్నారు. చెప్పకుండా పెళ్ళి చేసుకుంటే మోసం చేసినట్టుంటుంది" అంది.

"చెప్పండి."

"నాన్నగారికి రెండు కిడ్నీలూ పోయాయండి. వారానికి రెండుసార్లు గుంటూరు తీసుకెళుతున్నాం. నాది ఇద్దామనుకుంటున్నాను. పరీక్షలు చేయించాను, సరిపోతుందన్నారు. మీవాళ్ళు వద్దంటారేమో. మీరు వద్దన్నా నేనేమీ అనుకోనండి. ఇవ్వడం మాత్రం ఇస్తాను."

ఆ మాట చెప్పడానికి ఎన్నాళ్ళు కూడగట్టుకుందో గొంతులో తెలుస్తోంది. నాకు గుండె నిండిపోయింది. వెంటనే ధైర్యం చెప్పాలనిపించింది. ముందే తయారుగా ఉన్నాను కదా.

"ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. ఒక కిడ్నీతో హాయిగా బతకొచ్చు. పైగా ఆరింటికి నాలుగు కలిశాయి, అంతకన్నా ఏం కావాలి?"

ఆమె కొంగు చుట్టుకోవడం ఆపింది.

"నాలుగు కలిశాయని నేను చెప్పలేదండి."

ఇంజను కూత వేసింది. ఆ కూతలో ఏదో ఒకటి అనేయొచ్చు అనుకున్నాను. అనేశాను. "పౌలు చెప్పాడండి."

"పౌలు గారికి తెలిసే వీల్లేదండి. ఆయనకి కవరే వస్తుందని మీరే చెప్పారు." చాలా నెమ్మదిగా అంది, పిల్లలకి లెక్క విప్పి చెప్పినట్టు. "సారా గారికీ వీల్లేదు. డాక్టరు గారికీ వీల్లేదన్నారు. ఇంకెవరున్నారండి?"

ఎవరూ దూరకుండా గీత నేనే గీశాను. ఇంకొకరి మీదికి నెట్టడానికి సందు ఎక్కడా లేదు.

"ఆ రోజు మీరు చూడలేనన్నారు కాబట్టే, ఈ మాట నేనే వచ్చి చెప్పాలనుకున్నానండి. నా నోటితో. అంతే" అంది. సంచి తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఎక్కాల్సిన బండి కూడా వెళ్ళిపోయింది.

అక్టోబరు 28

ఏమీ లేదు.

అక్టోబరు 30

పౌలు పేరు ఎందుకు చెప్పాను? వాడు నాకేం చేశాడు?

నవంబరు 2, శుక్రవారం

మాస్టారు స్వయంగా అమ్మకి ఫోను చేశారు. జాతకాలు వేరే సిద్ధాంతి గారికి చూపించాం, కుదరలేదమ్మా, ఏమీ అనుకోవద్దు అన్నారట. అమ్మ మండిపడింది. "బ్రహ్మాండంగా కుదిరాయన్నారుగా! ఇప్పుడు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు ఈ సిద్ధాంతి?"

ఆమె తండ్రికి కూడా అసలు సంగతి చెప్పలేదన్నమాట. చెప్పి ఉంటే ఆయన ఏమీ అనుకోవద్దు అనేవారు కాదు.

నాకు లలిత కావాలి. ఇక్కడ రాసుకోవడం తప్ప ఎవరికి చెప్పుకోవాలి ఈ మాట?

నవంబరు 5, సోమవారం

డాక్టరు గారు చాలా సంతోషంగా ఉన్నారు. వారం నుంచి మూడు ఊళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు. ఒక్క డినైడ్ లేదు. ఈ పాలసీ గురించి గుంటూరులో ఆయన స్నేహితుల ల్యాబుకి కూడా వెళ్ళి చెప్పాలట. చెబుతానన్నాను.

ఆయనకి చెప్పాలి. ఇవాళ గది దాకా వెళ్ళాను. ఫోనులో ఉన్నారు. రేపు.

నవంబరు 7, బుధవారం

రేపు కూడా అయిపోయింది. చెప్పలేదు.

నవంబరు 8, గురువారం

సాయంత్రం బాబాయి వచ్చాడు. దీపావళికి అమ్మకి చీర తెచ్చాడు. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, గెలిచినవాడి మొహం పెట్టాడు.

"నే చెప్పలా? వాళ్ళంతట వాళ్ళే తప్పుకున్నారు. ఆ పిల్లకి ఏదో పెద్ద జబ్బే ఉంది. చీరాల నుంచి ఇంకో సంబంధం వాళ్ళు నన్ను అడిగితే ఉన్నమాట చెప్పాను. నలుగురి మంచి కోరేవాళ్ళం, దాచకూడదు గదా."

"చెప్పావా?"

"చెప్పాను. కారంచేడులో వాళ్ళ మేనత్త గారికీ తెలిసిందిట."

లేచి నిలబడ్డాను. "ఆ అమ్మాయికి ఏ జబ్బూ లేదు బాబాయ్. తప్పు నాది. నేను చేసినదానికే వాళ్ళు వద్దన్నారు."

"ఏం చేశావు?"

అమ్మ కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది.

చూశానని చెబితే ఏం చూశావంటారు. అది చెబితే ఆ పిల్ల ఒక కిడ్నీ ఇవ్వబోతోందన్న మాట రేపు పొద్దున్నకి చీరాల చేరుతుంది. చూడలేదంటే, మరి జబ్బు లేదని ఎలా అంటున్నావంటారు.

"చెప్పరా. జబ్బు లేదని నీకెలా తెలుసు?"

నేను మళ్ళీ కూర్చున్నాను.

"అదీ సంగతి" అన్నాడు బాబాయి. "పాపం, వెనకేసుకొస్తున్నాడు వదినా. మంచి మనసు వీడిది." కాఫీ అందుకుని, చక్కెర చాల్లేదన్నాడు. అమ్మ డబ్బా కోసం లోపలికి వెళ్ళింది.